పదిహేడు మంది, ఆరు ఫ్రేములు, ఒక గ్రూప్ ఫొటో: గింప్‌లో లేయర్ మాస్కులతో చేసిన ఒక పని

పెళ్లయిన పది రోజులకు పెళ్లికూతురి నాన్నగారు మా స్టూడియోకి వచ్చారు. ఆల్బమ్ గురించి కాదు. హాల్లో సోఫా పైన పెట్టుకోవడానికి 20×30 అంగుళాల ఫ్రేమ్ కావాలి, అందులో ఇంటిల్లిపాదీ ఉండాలి. "అందరూ బాగా పడ్డది ఒకటి చూసి వేసెయ్ తమ్ముడూ" అన్నారు. అందరూ బాగా పడ్డది ఒకటి ఉంటే ఇంత రాసే అవసరమే వచ్చేది కాదు.

తలంబ్రాలు అయ్యాక మండపం మీదే నిలబెట్టి తీసిన ఫొటో అది. 17 మంది, 6 ఫ్రేములు, అంటే ఆరుసార్లు నొక్కిన ఆరు షాట్లు. మూడో ఫ్రేములో పెళ్లికొడుకు, పెళ్లికూతురు, ఇద్దరి అమ్మానాన్నలు చక్కగా ఉన్నారు. కానీ మేనత్తగారు కళ్లు మూశారు. పెదనాన్నగారూ మూశారు, పైగా ఆయన భుజం మీద కండువా సగం జారి వేలాడుతోంది. ముందు వరుసలో కూర్చున్న పిల్లాడు పక్కకు తిరిగి ఎవరినో పిలుస్తున్నాడు. ఆ చివర నిలబడ్డ తోడల్లుడుగారు ఫోన్ చూసుకుంటున్నారు. మేనత్తగారు బాగా పడింది ఐదో ఫ్రేములో, అప్పటికి పెళ్లికూతురి మొహంలో నవ్వు అలిసిపోయింది. తెల్లవారుజామున మూడింటి ముహూర్తం మరి, ఆ పిల్లను అనడానికేం లేదు.

అంటే మూడో ఫ్రేమును కింద పరిచి, మిగతా ఫ్రేముల్లోంచి నలుగురిని తెచ్చి పెట్టాలి. మా లైనులో దీన్ని మిక్సింగ్ అంటాం.

నాది తణుకులో రెండు గదుల స్టూడియో. ఒకప్పుడు నేనూ అందరిలాగే క్రాక్ చేసిన ఫొటోషాప్ వాడాను. ఒక మాఘమాసం సీజను మధ్యలో అది తెరుచుకోవడం మానేసింది, దాంతో పాటే ఏదో వైరస్ కూడా వచ్చి కూర్చుంది. అప్పటి నుంచి గింప్ వాడుతున్నాను. 1990ల నడుమ కాలిఫోర్నియాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఇద్దరు మొదలుపెట్టిన, ఫొటోలు దిద్దే ప్రోగ్రాం అది, 1996లో బయటికొచ్చింది. అప్పుడూ ఉచితమే, ఇప్పుడూ ఉచితమే. ఈ పని చేసింది 2.10 వెర్షన్‌లో, 8 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్ మీద.

అట్టముక్క

మాస్క్ అంటే ఏమిటో నాకు కంప్యూటర్ చెప్పలేదు, మా గురువుగారి డార్క్‌రూమ్ చెప్పింది. విడివిడిగా దిగిన భార్యాభర్తల ఫొటోలను ఒకే కాగితం మీదికి తేవడం అప్పట్లో ప్రతి ఊళ్లో స్టూడియోకీ వచ్చే పని. ఎన్‌లార్జర్ (నెగెటివ్‌ను కాగితం మీద పెద్దదిగా వేసే యంత్రం) కింద కాగితం పెట్టి, సగానికి అట్టముక్క అడ్డం పెట్టి ఒక నెగెటివ్ వేసేవారు. తర్వాత అట్టను రెండో వైపుకి మార్చి ఇంకో నెగెటివ్ వేసేవారు. అట్టను కాగితానికి ఆనిస్తే గీత కత్తితో కోసినట్టు పడుతుంది. కాస్త ఎత్తులో పట్టుకుని మెల్లగా ఆడిస్తూ ఉంటే అతుకు కనపడదు. ఎంత ఎత్తు, ఎంతసేపు ఆడించాలన్నదే ఆయన విద్య.

లేయర్ మాస్క్ ఆ అట్టముక్కే. ఫొటో లేయర్‌కు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచే ఫొటో పొరకు, అంటిపెట్టుకుని ఉండే ఇంకో బొమ్మ, నలుపు తెలుపుల్లో. తెల్లగా ఉన్న చోట పై ఫొటో కనిపిస్తుంది, నల్లగా ఉన్న చోట దాక్కుంటుంది, బూడిద రంగు ఉంటే దాని మోతాదుకు తగ్గట్టు సగమో పావో కనిపిస్తుంది. మామూలు 8 బిట్ ఫైల్లో నలుపు 0, తెలుపు 255, మధ్యలో ఉన్నవన్నీ మెట్లు. లక్షల ఖరీదు సెటప్పులోనైనా, ఉచిత ప్రోగ్రాంలోనైనా మాస్క్ ఇంతే. చవక సాఫ్ట్‌వేర్లలో లోటు ఉండేది మాస్కులో కాదు, దాని చుట్టూ ఉండే సదుపాయాల్లో. జుట్టు అంచులను తనంతట తాను పట్టుకునే పనిముట్లు అంతంతమాత్రంగా ఉంటాయి. రంగు మార్పును విడిగా ఒక లేయరుగా పెట్టుకునే వీలు గింప్ 2.10లో లేదు. ఆ లోట్లను ఇంకో మాస్కుతోనే పూడ్చుకోవాలి. ఈ ఆర్డర్ మీద నా సాయంత్రాలన్నీ ఆ పూడికకే పోయాయి.

ముందు కుదుర్చుకోవాలి

ట్రైపాడ్ మీదే తీశాను కాబట్టి ఫ్రేములన్నీ ఒకదాని మీద ఒకటి అచ్చంగా కూర్చుంటాయనుకున్నాను. కూర్చోలేదు. నాలుగో ఫ్రేము తర్వాత ఎవరో లైట్ స్టాండ్ జరుపుతూ ట్రైపాడ్ కాలు తగిలించారు. ఐదో ఫ్రేము పక్కకు 11 పిక్సెళ్లు జరిగింది. చెప్పడానికి పదకొండే, కానీ 24 మెగాపిక్సెల్ ఫొటోని 30 అంగుళాల వెడల్పున వేస్తే అంగుళానికి 200 పిక్సెళ్లు వస్తాయి. 11 పిక్సెళ్లంటే ఒక మిల్లీమీటరు పైమాటే. ఒక మిల్లీమీటరు జరిగిన ముక్కుపుడకను ఏ ఆడపడుచైనా గుమ్మంలోంచే పట్టేస్తుంది.

కుదర్చడానికి నేను వాడేది డిఫరెన్స్ మోడ్. పై లేయర్ మోడ్‌ను డిఫరెన్స్‌కు మారిస్తే, రెండు లేయర్లలో ఒకేలా ఉన్న చోటు నల్లబడిపోతుంది, తేడా ఉన్న చోట వెలుగు గీతలు కనిపిస్తాయి. మూవ్ టూల్ పట్టుకుని కీబోర్డు బాణాలతో ఒక్కో పిక్సెల్ జరుపుతూ ఆ గీతలు చచ్చేదాకా తీసుకురావాలి. మనుషుల్ని చూసి కుదర్చకూడదు, వాళ్లు కదులుతూనే ఉంటారు. నేను మండపం స్తంభాన్నీ, పెళ్లికొడుకు కుర్చీ చెక్కడాన్నీ గుర్తు పెట్టుకున్నాను. కుదిరాక మోడ్‌ను మళ్లీ నార్మల్‌కు మార్చాలి.

ర్యామ్ తక్కువున్న వాళ్లకు ఒక మాట. 6000×4000 ఫొటో లేయరుగా చేరితే 8 బిట్‌లో పారదర్శకత చానెల్‌తో కలిపి దాదాపు 96 ఎంబీ తింటుంది. మాస్క్ తగిలిస్తే ఇంకో 24. అన్‌డూ కోసం దాచుకునేది అదనం. అందుకని కుదిరాక ప్రతి లేయర్‌నూ ఆ మనిషి చుట్టూ ఉన్న మేరకు క్రాప్ చేశాను. కుదర్చకముందు క్రాప్ చేస్తే స్తంభం పోతుంది, గుర్తు పోతుంది. ఆ వరస తప్పి ఒకసారి మొత్తం మళ్లీ చేసుకున్నాను.

జుట్టు కత్తిరించొద్దు

కొత్తగా నేర్చుకునే కుర్రాళ్లు తల మార్చమంటే ముందు తలను కత్తిరించడం మొదలుపెడతారు. వెంట్రుక వెంట్రుకా చుట్టి, మల్లెపూలు ఒక్కొక్కటీ చుట్టి రెండు గంటలు పోస్తారు. తీరా కింద ఉన్న పాత తల కొత్త తల వెనక నుంచి తొంగి చూస్తుంది. రెండు ఫ్రేముల్లోనూ మనిషి తల ఒకే చోట, ఒకే వాలులో ఉండదు కదా.

ఒకే చోట నిలబడి తీసిన ఫ్రేములైతే తలతో పాటు వెనకున్న తెరను కూడా తెచ్చుకోవాలి. అప్పుడు కొత్త తల చుట్టూ ఉన్న తెరే పాత తలను కప్పేస్తుంది. అతుకును జుట్టు అంచున కాకుండా జుట్టుకు రెండంగుళాల అవతల, ఖాళీ తెర మీద వేయాలి. కింది వైపు మెడలో హారం అంచునో, జాకెట్టు పట్టీ మీదో వేయాలి. బొటిక్ దర్జీ అతుకును బోర్డరు కింద దాచినట్టు. నుదుటి మీదా చెంప మీదా అతుకు వేసేవాడి పని ప్రింటులో తెలిసిపోతుంది.

ప్రతి లేయర్‌కూ నేను నల్ల మాస్కే పెడతాను. గింప్‌లో మాస్క్ చేర్చేటప్పుడు తెల్లదా నల్లదా అని అడుగుతుంది. నల్లదైతే లేయర్ మొత్తం మాయమవుతుంది. అప్పుడు తెల్ల బ్రష్‌తో కావాల్సిన మొహాన్ని ఒక్కదాన్నే పైకి తేవచ్చు. ఎక్కువైతే ఎక్స్ కీ నొక్కి నలుపుకు మారి వెనక్కి నెట్టడం. పని మొత్తం ఆ ఒక్క కీ చుట్టూ తిరుగుతుంది. తెర మీద మెత్తని పెద్ద బ్రష్, హారం దగ్గర గట్టి చిన్న బ్రష్. అన్నిచోట్లా మెత్తని బ్రష్షే వాడితే అంచులు పొగపట్టినట్టుంటాయి.

పిల్లాడూ తోడల్లుడుగారూ ఇలా గంటలోపే కుదిరారు. పెదనాన్నగారిని రెండో ఫ్రేములోంచి తెచ్చాను. అందులో కళ్లు తెరిచే ఉన్నారు, కండువా కూడా సరిగ్గా ఉంది. మేనత్తగారి దగ్గరే చిక్కొచ్చింది.

ఊదారంగు చెంప

ఇప్పటి మండపాల్లో ఎల్ఈడీ పార్ లైట్లు పెడుతున్నారు. వాటిని ఆటో మోడ్‌లో వదిలేస్తే పసుపు, గులాబీ, ఊదా, నీలం అని రంగులు మారుతూనే ఉంటాయి. కంటికి పండగలా ఉంటుంది, కెమెరాకు శాపం. మూడో ఫ్రేము పడ్డప్పుడు లైటు పసుపులో ఉంది, ఐదో ఫ్రేముకు ఊదాలోకి వచ్చింది. మేనత్తగారి మొహం ముందు భాగం నా ఫ్లాష్ వెలుగులో మామూలుగానే ఉంది, కుడి చెంపా, చెవి దిద్దూ, కొప్పు అంచూ మాత్రం ఊదాగా ఉన్నాయి. వెనక తెర కూడా ఊదానే. పసుపు ఫ్రేములో ఈ తల పెడితే ఆవిడ వేరే పెళ్లి నుంచి వచ్చినట్టుంది.

మొదట చేసిన తప్పు చెబుతాను. లేయర్ మొత్తానికి కర్వ్స్ (రంగుల మోతాదు పెంచి తగ్గించే పనిముట్టు) పెట్టి నీలం కాస్త దించి, ఆకుపచ్చ కాస్త పెంచాను. ఊదా పోయింది. కానీ ఫ్లాష్ పడ్డ చెంప పసరు పూసినట్టు పచ్చబడింది. ఊదా లేని చోట ఊదాకు మందు వేస్తే అంతే.

ఊదా పడ్డ చెంపకు ఒక్కదానికే మందు వేయాలి. ఫొటోషాప్‌లో అయితే కర్వ్స్ అడ్జస్ట్‌మెంట్ లేయరు వేసి దాని మాస్క్ మీద గీసుకుంటే సరి. 2.10లో అది లేదు, కర్వ్స్ నేరుగా పిక్సెళ్లను మార్చేస్తుంది. కాబట్టి మేనత్తగారి లేయర్‌కు నకలు తీసి, ఆ నకలుకు కర్వ్స్ పెట్టి, అందులోంచి చెంప మేరకే మాస్క్‌తో పైకి తేవాలి. కానీ ఆ లేయర్‌కు తల ఆకారం మాస్క్ అప్పటికే ఉంది, ఒక లేయర్‌కు రెండు మాస్కులు పెట్టనివ్వదు. ఇక్కడ లేయర్ గ్రూప్ పనికొచ్చింది. అసలు లేయరూ రంగు దిద్దిన నకలూ రెండింటినీ ఒక గ్రూపులో వేశాను. తల ఆకారం మాస్క్ గ్రూపుకు పెట్టాను. చెంప మాస్క్ లోపలున్న నకలుకు పెట్టాను. గ్రూపుకు మాస్క్ పెట్టే వీలు గింప్‌కు 2018లో 2.10తోనే వచ్చింది, అంతకు ముందు వెర్షన్లలో ఈ దారి లేదు.

చెంప మీద బ్రష్ ఒపాసిటీ (రంగు గాఢత) నూటికి 30 దగ్గర పెట్టి నాలుగైదు సార్లు రాశాను. ఒకేసారి వందతో రాస్తే ఊదా పోయి చెంప బూడిదలా చచ్చిపోతుంది. కొంచెం వదలాలి, మండపంలో రంగు లైట్లున్నాయని చూసేవాళ్లకు తెలిస్తే తప్పేం లేదు. కొప్పులో మల్లెపూల సంగతి వేరు. తెల్ల పువ్వు ఏ లైటు పడితే ఆ రంగు తాగేస్తుంది. పూలను ఒక్కొక్కటీ గీసే ఓపిక లేక, మూడో నకలు తీసి బాగా రంగు తగ్గించి, మాస్క్ చేర్చేటప్పుడు లేయరు తాలూకు నలుపు తెలుపు కాపీనే మాస్కుగా తీసుకోమన్నాను. అప్పుడు వెలుగున్న చోటంతా మాస్క్ తెల్లగా, చీకటి చోట నల్లగా వస్తుంది. ఆ మాస్క్ మీద లెవెల్స్ (వెలుగునీడల మోతాదు మార్చే పనిముట్టు) పెట్టి నలుపును ఇంకా నొక్కేశాను. పూలు మిగిలాయి, జుట్టు పోయింది. నుదుటి మీద మెరుపు కూడా మిగిలింది, దాన్ని నల్ల బ్రష్‌తో తుడిచేశాను. మొత్తం పనిలో నాకు బాగా తృప్తినిచ్చిన పది నిమిషాలు అవే.

వెనక తెర ఊదా మాత్రం పూర్తిగా కుదరలేదు. అక్కడ అతుకును బాగా వెడల్పు చేసి, ఊదా నుంచి పసుపుకు మెల్లగా జారేలా వదిలేశాను. తెర మీద రంగులు మారడం ఎవరికీ వింత కాదు. ఆవిడ ఎడమ వైపున పక్కావిడ చెవి దిద్దుకు వెంట్రుకలు తగిలిన అంగుళం మేరకు మాత్రం అంచు గీయక తప్పలేదు. మాస్క్‌ను అక్కడ 400 శాతం జూమ్‌లో మూడు పిక్సెళ్ల బ్రష్‌తో గీశాను.

రెండు పొరపాట్లు

ఒకటి అందరూ చేసేదే. లేయర్ల పానెల్లో ఫొటో బొమ్మ, మాస్క్ బొమ్మ పక్కపక్కనే ఉంటాయి. ఏది నొక్కి ఉంటే రంగు దానికే పడుతుంది. టీ తాగొచ్చి కూర్చుని పిల్లాడి మాస్క్ అనుకుని పిల్లాడి చొక్కా మీదే నల్ల రంగు పూశాను. పూసిన వెంటనే తెలిస్తే అన్‌డూ ఉంది. నాకు ఇరవై నిమిషాల తర్వాత తెలిసింది. అప్పటి నుంచి గీసే ముందు ఆల్ట్ పట్టుకుని మాస్క్ బొమ్మ మీద ఒకసారి నొక్కుతాను. మాస్క్ ఒక్కటే నలుపు తెలుపుల్లో తెరమీదికి వస్తుంది, ఎక్కడ మరకలున్నాయో కూడా తెలుస్తుంది. కంట్రోల్ పట్టుకుని నొక్కితే మాస్క్ పనిచేయడం ఆగిపోయి లేయర్ మొత్తం కనిపిస్తుంది. మాస్కు ఉంటే ఎలా, లేకపోతే ఎలా అని ఇలా పోల్చుకోవచ్చు.

రెండోది ప్రూఫ్‌లో దొరికింది, దొరికిందెవరికో చెబితే నవ్వుతారు. ప్రూఫ్ చూడ్డానికి నాన్నగారితో పాటు ఫొటోలో పక్కకు తిరిగిన ఆ పిల్లాడు కూడా వచ్చాడు. నేనూ ఆయనా మొహాలన్నీ చూసి తలలాడిస్తుంటే వాడు కుర్చీ ఎక్కి "తాతయ్యా, అత్తమ్మకు మూడు చేతులు" అన్నాడు. నిజమే. ఐదో ఫ్రేములో మేనత్తగారు పెళ్లికూతురి భుజం మీద చెయ్యి వేశారు, మూడో ఫ్రేములో ఆ చెయ్యి కిందికి ఉంది. తలతో పాటు భుజం తెచ్చినప్పుడు చెయ్యి కూడా సగం వచ్చింది, కింది లేయర్లో చెయ్యి ఎలాగూ ఉంది. మొహాలు వెతికేవాడికి చేతులు కనపడవు. గ్రూపు మాస్క్ మీద ఆ చెయ్యి దగ్గర నల్ల బ్రష్ రెండుసార్లు తిప్పాను, వాడి ఎదురుగానే. చెయ్యి మాయమైతే వాడు చప్పట్లు కొట్టాడు.

"ఆ నవ్వు కాదయ్యా"

ఫ్రేమ్ ల్యాబ్‌కు పంపే ముందు రోజు ఫోను. ప్రూఫ్ పెదనాన్నగారి ఇంట్లో చూపించారట. వాళ్లావిడ ఒప్పుకోలేదట. "మా ఆయన నవ్వితే కళ్లు కనపడవండి, పెళ్లయినప్పటి నుంచీ అంతే. ఈ ఫొటోలో నవ్వుతున్నట్టు లేదు, బ్యాంకు లోనుకు దిగినట్టుంది" అన్నారు. కళ్లు మూసుకున్న మొహమే కావాలి. కానీ కండువా మాత్రం జారింది వద్దు, సర్దుకున్నదే ఉండాలి.

తప్పు నాదే. కళ్లు మూసుకుంటే ఫొటో చెడిందని మా వృత్తికి ఒక మూఢనమ్మకం. ఆ మనిషిని ఎరిగినవాళ్లను ఒక్క మాట అడగాల్సింది.

పాత పద్ధతిలో ఇరేజర్‌తో చెరిపి, లేయర్లు కలిపేసి, జేపీజీగా సేవ్ చేసి ఉంటే ఈ ఫోనుతో నా సాయంత్రం మళ్లీ మొదటికొచ్చేది. అలా చేసిన రోజులున్నాయి. ఒకసారి ఒక ఎంగేజ్‌మెంట్ ఫొటోలో కస్టమర్ మనసు మార్చుకుంటే మొత్తం పని మొదట్నుంచి చేశాను, కూలీ గిట్టలేదు. ఇప్పుడు లేయర్లూ మాస్కులూ విడివిడిగా దాచి ఉంచే గింప్ సొంత ఫైల్, ఎక్స్‌సీఎఫ్ తెరిచి, పెదనాన్నగారి లేయర్ మాస్క్ మీద మెడ పైభాగమంతా నల్ల బ్రష్‌తో కప్పాను. కింద మూడో ఫ్రేములో ఆయన అసలు నవ్వు అలాగే పదిలంగా ఉంది, పైకి వచ్చింది. కండువా, భుజం రెండో ఫ్రేములోవే ఉన్నాయి. అతుకును కండువా మడత అంచుకు జరిపాను. ఫోను పెట్టేశాక ఆరు నిమిషాలు. కొత్త ప్రూఫ్ వాట్సాప్‌లో పంపితే పెద్దమ్మగారి నుంచి "ఇదీ మా ఆయన" అని వాయిస్ మెసేజ్ వచ్చింది.

అందుకే ఫైల్ ఎప్పుడూ ఎక్స్‌సీఎఫ్‌లో ఉంచుకుని, ప్రింటుకు విడిగా జేపీజీ ఎక్స్‌పోర్ట్ చేస్తాను. ఈ పని ఫైల్ దాదాపు 400 ఎంబీ వచ్చింది. హార్డ్ డిస్కులో ఆ చోటు నాకు బరువు కాదు.

వేరే ప్రోగ్రాముల్లో

గింపే కానక్కర్లేదు. ఫొటోపియా బ్రౌజర్‌లోనే నడుస్తుంది, మాస్కులూ అడ్జస్ట్‌మెంట్ లేయర్లూ రెండూ ఉన్నాయి, ప్రకటనలు భరించగలిగితే డబ్బు కట్టనక్కర్లేదు. ఊదా చెంప పనికి అదే తేలిక అని ఒప్పుకుంటాను. ఫోను మీద పనిచేసేవాళ్లకు స్నాప్‌సీడ్‌లో చేసిన మార్పును బ్రష్‌తో కావాల్సిన చోటికే పరిమితం చేసుకునే వీలుంది, అదీ మాస్కే. పేరు అలా పెట్టలేదంతే. ఫొటోషాప్ ఎలిమెంట్స్‌కు 2010లో వచ్చిన 9వ వెర్షన్‌తో గానీ లేయర్ మాస్క్ బటన్ రాలేదు. అంతకుముందు ఒక దొంగదారి ఉండేది. ఏ మార్పూ చేయని లెవెల్స్ లేయరు ఒకటి వేస్తే దానితో పాటు మాస్క్ ఉచితంగా వస్తుంది. ఫొటో లేయర్‌ను దాని పైన పెట్టి గ్రూప్ చేస్తే కింది మాస్క్ ఫొటోకు కూడా పనిచేస్తుంది. ఇప్పుడు ఎవరికీ అవసరం లేని చిట్కా, అయినా చెప్పకుండా ఉండలేను.

గింప్ 3.0 2025 మార్చిలో వచ్చింది. అందులో కర్వ్స్‌ను పిక్సెళ్లలో కలిపేయకుండా తర్వాత మళ్లీ తెరిచి మార్చుకోవచ్చు. అది ఆ రోజు ఉండి ఉంటే పచ్చబడ్డ చెంప కోసం నకళ్లు పారేసి మళ్లీ తీసుకునే బాధ తప్పేది. గ్రూపుకు ఒక మాస్కు, లోపలి లేయరుకు ఇంకో మాస్కు పెట్టే నా పద్ధతి మాత్రం అందులోనూ మారలేదు.

ఫ్రేమ్ వచ్చాక నేనే తీసుకెళ్లి ఇచ్చాను, గోడకు మేకు కూడా కొట్టించాను. పెద్దవాళ్లంతా పెదనాన్నగారి నవ్వు చూస్తుంటే, పిల్లాడు సోఫా ఎక్కి వేలు పెట్టి చేతులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు. దిగి వచ్చి, "సరిపోయాయి అంకుల్" అన్నాడు.